సిస్టరమ్మ వార్డులో తలకిందుల మనిషి

పోయిన ఆదివారం నెల్లూరుకి చెప్పులు కొనుక్కోవడానికి వెళ్ళి, చెప్పులు కొనకుండా జోస్యం చెప్పించుకుని వచ్చాను. కొత్తగా కట్టిన ఒక షాపింగ్ కాంప్లెక్సు కింది అంతస్తులో, ఐస్‌క్రీం బండికీ పిల్లల రైలుకీ మధ్య బల్ల వేసి, నల్ల గుడ్డ పరిచి ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఎదురుగా టారో కార్డులు, జోస్యానికి వాడే బొమ్మల పేక. లిఫ్టు ఎంతకీ రాలేదు, ఈలోగా నా బుద్ధి గడ్డి తింది, కూర్చున్నాను.

ఆ అమ్మాయి గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. చెప్పేదాంట్లో సరుకు లేనప్పుడే మనుషులు గుసగుసలకు దిగుతారు. ఒక కార్డు తీయమంది. తీశాను. చంద్రుడు వచ్చాడు.

"భ్రమ మేడం," అంది. "మీ చుట్టూ ఉన్నవాళ్ళు మీతో నిజం చెప్పడం లేదు."

నేను హైస్కూల్లో పాఠాలు చెబుతాను. నా చుట్టూ ఉన్నవాళ్ళు హోంవర్కు గురించి నిజం చెప్పరని తెలుసుకోవడానికి ఆకాశం నుంచి చంద్రుడు దిగి రానక్కర్లేదు. నా చూపు మాత్రం కార్డు అడుగున ఉంది. అక్కడ చిన్న మడుగు, అందులోంచి ఒడ్డుకు పాకుతున్న ఒక ప్రాణి.

"ఈ రొయ్య సంగతి చెప్పమ్మా," అన్నాను.

"ఏ రొయ్య మేడం?"

కార్డు దగ్గరికి లాక్కుని చూసింది. ఆ కార్డుతో ఎంతమంది బతుకులు చెప్పిందో గానీ, ఆ రొయ్యను చూడటం అదే మొదటిసారి. నాకు నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్ళు నిండాయి. తన మాట సరిగ్గా తగిలిందనుకుని ఆ అమ్మాయి నాకొక కాగితం రుమాలు ఇచ్చి, రెండో కార్డు తీయమంది.

సిస్టరమ్మ ఉండి ఉంటే ఆ అమ్మాయికి అక్కడే పరీక్ష పెట్టేది. ఆమె పోయి ఏడాది దాటింది.

ఆమెకు పేరు లేకపోలేదు. కానీ వాకాడు అవతల సముద్రం పక్కనున్న ఆ ఊళ్ళో ఎవరైనా ఆ పేరు వాడగా నేను వినలేదు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది కాబట్టి సిస్టరమ్మ. చర్చిలో ఎలాగూ ఆడవాళ్ళందరూ సిస్టర్లే కాబట్టి అక్కడా సిస్టరమ్మే. నేను ఆ ఊరి బడికి బదిలీ మీద వెళ్ళినప్పుడు ఆమె ఇంట్లో ముందు గది అద్దెకు అడిగాను. అద్దె మాట ఎత్తకముందే నా నాలుక చాపమంది. కింది కనురెప్ప లాగి చూసింది.

"రక్తం లేదు పాపా నీకు. మునగాకు తింటావా?"

తింటానన్నాక తాళం చెవి ఇచ్చింది.

పమిట పిన్నుకి ఒక చిన్న గడియారం వేలాడేది. నర్సులు పెట్టుకునే రకం. ఎదుటివాళ్ళకి అది తలకిందులుగా కనబడుతుంది, ఆమె తల వంచి చూసుకుంటే సరిగ్గా ఉంటుంది. "టైమెంత సిస్టరమ్మా?" అని అడిగినవాళ్ళు దాన్ని తొంగి చూసి తికమకపడుతుంటే ఆమెకు మహా సంతోషం. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా దాంతో వచ్చిన కాగితం పూర్తిగా చదివేది. కుక్కరు కాగితం, దోమల మందు డబ్బా మీది సన్నక్షరాలు, ఫ్యాను గ్యారంటీ షరతులు, ఏదీ వదిలేది కాదు. రాసినవాడు ఊరికే రాస్తాడా అనేది.

నాది ఆరంభ శూరత్వం. ఎంబ్రాయిడరీ, వీణ, పెరట్లో పుట్టగొడుగుల పెంపకం అన్నీ మొదలుపెట్టాను, ఒక్కటీ కొనదాకా తేలేదు. ఆ వరసలోనే ఒక ఎండాకాలం సెలవుల్లో ఫోనులో వీడియోలు చూసి టారో పేక తెప్పించాను. మామూలుది కూడా కాదు, పాతకాలపు రహస్యవిద్యల వాళ్ళు తయారుచేసిన రకం. కార్డు కార్డుకీ ఒక గ్రహం, కొన్నిటికి హీబ్రూ అక్షరాలు, వాటి వెనక ఏవేవో మెట్లూ దారులూ. వాటన్నిటినీ వివరిస్తూ దిండంత ఇంగ్లీషు పుస్తకం. కాసిన్ని పేజీలు చదివి, దాన్ని దిండుగానే వాడుకుని నిద్రపోయాను. లేచేసరికి పుస్తకం సిస్టరమ్మ చేతిలో ఉంది.

"ఏంది పాపా, డబ్బులు పోసి కొని చదవకుండా పండుకుంటివే?"

"అర్థం కావట్లేదు సిస్టరమ్మా. మీకెందుకులే, మీ చర్చికి సరిపడే సరుకు కాదది."

"చదువుకునేదానికి సరిపడేది ఏంది, సరిపడంది ఏంది? ట్రైనింగులో మేము చూడని బొమ్మలా? నేనేమన్నా జోస్యం చెప్పబోతానా. ఊరికే చదువుకుంటా."

ఆ మాట మీద చివరిదాకా నిలబడింది. ఎవరు అడిగినా కార్డు తీసి చెప్పలేదు. మందుల పేర్లు తెలిసినంత మాత్రాన చీటీ రాయకూడదనేది ఆమె ఉద్యోగంలో నేర్చుకున్న నీతి. ఎదురింటి చేపలమ్మే ఆవిడ మంచి వంజరం ముక్క తెచ్చి కొడుక్కి సంబంధం ఎప్పుడు కుదురుతుందో చూడమంటే, "నీ కొడుకు తాగుడు మానినాక," అని చెప్పి వంజరం తీసుకుంది. అది కార్డుల్లో చూసి చెప్పింది కాదు, ఊరంతా చూస్తున్నదే.

టారో నేర్చుకునేవాళ్ళు సొంతంగా ఒక డైరీ రాసుకోవాలని ఆ పుస్తకంలో ఉంది. రోజుకొక కార్డు తీయాలి, దాన్ని తేరిపార చూడాలి, తోచింది రాయాలి. రాసినవాడు ఊరికే రాయడు కదా. మర్నాడే వాకాడు పోయి గట్టి అట్ట నోటుబుక్కు కొనుక్కొచ్చింది. చిక్కేమిటంటే ఆమెకు డైరీ రాయడం రాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రాసింది ఒకటే, కేసు షీటు. అందుకని స్కేలు పెట్టి గీతలు కొట్టి, గళ్ళు చేసి, పైన 'పేషెంటు పేరు' అని రాసింది.

మొదటి పేజీ నాకు కంఠతా వచ్చు. పేషెంటు పేరు: పిచ్చివాడు. వచ్చిన కారణం: కొండ అంచున నడుస్తూ కిందికి చూడటం లేదు. వెంట వచ్చినవారు: కుక్క. జ్వరం: లేదు. సలహా: కుక్క మాట వినవలెను.

రోజూ పొద్దున్నే పేకలోంచి ఒక కార్డు తీసి టేబులు మీది గాజుపలక కింద పెట్టేది. అది మంచం. కార్డు అర్థమైందనిపిస్తే డిశ్చార్జి, కాకపోతే ఇంకో మంచం చూసి కొత్త పేషెంటును చేర్చుకోవాల్సిందే. సాయంత్రం నేను బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేలోపే రౌండ్సు రిపోర్టు మొదలయ్యేది. లాంతరు పట్టుకున్న ముసలాయన ఇంటికి పోయాడు, కళ్ళు ఆనక వచ్చాడు పాపం. మూడు కత్తులు దిగిన గుండె మాత్రం ఇంకా సీరియస్సే. ఫలానా రాణిగారికి ఏ జబ్బూ లేదు, ఎవరో పలకరించాలని వచ్చి చేరింది, అలాంటివాళ్ళు ప్రతి వార్డులోనూ ఉంటారు. నేను తింటున్న ముద్ద గొంతుకడ్డం పడేలా నవ్వేదాన్ని. ఆమె నవ్వేది కాదు.

గ్రహాలను, హీబ్రూ అక్షరాలను కూడా వదల్లేదు. పట్టిక రాసి వంటింట్లో పోపుల డబ్బాల పైన అంటించి, చేపలు తోముతూ వల్లె వేసేది. ఆలెఫ్, బేత్, గిమెల్. పక్కింటావిడ గోడ అవతల నుంచి విని, సిస్టరమ్మకు పరిశుద్ధాత్మ ఇచ్చే భాషల వరం వచ్చిందని చర్చిలో చెప్పింది. ఆ తర్వాతి వారం ప్రార్థనలో ఆమె వైపు కాస్త భక్తిగా చూశారు. ఆమె ఇంటికొచ్చి పట్టికను గోడ మీద నుంచి పీకి అల్మారా తలుపు లోపల అంటించింది.

చంద్రుడి కార్డు వచ్చిన రోజు మాత్రం నన్ను బడి గేటు దగ్గరే పట్టుకుంది. "పాపా, ఈ కార్డు వేసినోడు మన పక్కోడే. రొయ్య ఉండాది చూడు." ఆ పుస్తకం చంద్రుడి మీద పేజీలకు పేజీలు ఖర్చు చేసింది. సిస్టరమ్మ కేసు షీటులో రాసింది ఇంతే: అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య గుల్ల విడుస్తుంది. కొత్త గుల్ల గట్టిపడేదాకా ఒళ్ళంతా మెత్తన. పక్క రొయ్యలు కూడా కొరుకుతాయి. భయపడటంలో తప్పు లేదు. సలహా: ఆ కాసేపు ఎవరూ కదిలించరాదు. చుట్టూ రొయ్యల గుంటలున్న ఊరు కదా, అది అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. నేను మాత్రం ఆ పేజీని చాలాసార్లు చదువుకున్నాను.

ఎన్నాళ్ళు గడిచినా ఒక్క పేషెంటు మాత్రం డిశ్చార్జి కాలేదు. తలకిందుల మనిషి. కొయ్యకు ఒక కాలు కట్టి వేలాడదీసి ఉంటారు, రెండో కాలు మడిచి ఉంటుంది, చేతులు వెనక్కి. తల చుట్టూ వెలుగు.

"ఇది ఎముకల వార్డు కేసు," అని మొదటి రోజే తేల్చేసింది సిస్టరమ్మ. "కాలు విరిగినోళ్ళని ఇట్టనే తాళ్ళేసి లాగి కడతారు. మొఖం చూడు, నొప్పి లేదు. మంచి ఆసుపత్రి."

"మరి డిశ్చార్జి చెయ్యండి."

"ఆ వెలుగుండాదే, అది అర్థం కాలా. ఏ పనీ చెయ్యకుండా వేలాడేవాడికి అంత వెలుగెందుకు పాపా?"

తెల్లారి లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా క్షణం ఊరికే కూర్చోని మనిషికి అది మింగుడుపడని ప్రశ్నే. ఆ కార్డు గాజుపలక కింద ఒక మూల అలాగే ఉండిపోయింది. గాజు కిందికి టీ కారి మచ్చ పడినా తీయలేదు.

ఇక చర్చి సంగతి చెప్పాలి. నెలకొక ఆదివారం వాళ్ళకు బల్ల, అంటే ప్రభురాత్రి భోజనం, ఉంటుంది. రొట్టె ముక్క, బొటనవేలంత గాజు గ్లాసులో ద్రాక్షరసం. ఆ గ్లాసులు కడగడం, రసం పోయడం ఎప్పటినుంచో సిస్టరమ్మ పని. ముందురోజు గోళ్ళు కత్తిరించుకునేది. పొద్దున్నే ఆపరేషను థియేటరుకు పోతున్నట్టు మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. రసం ఏ గ్లాసులోనూ ఒక చుక్క ఎక్కువా తక్కువా ఉండేది కాదు. నేను హిందువునైనా ఆదివారం తోచక వెంట పోయి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఒకసారి అడిగాను, ఇంత చాకిరీ ఎందుకు, చిన్నవాళ్ళెవరికైనా అప్పగించొచ్చు కదా అని.

"నాకు మొగుడు లేడు, బిడ్డల్లేరు," అంది గ్లాసులు తుడుస్తూనే. "ఆ బల్ల కాడ నిలబడితే నేనూ ఒక ఇంటి మనిషిననిపిస్తాది. అదొక్కటీ ఎవరికీ ఇవ్వను పాపా."

కొత్త సంవత్సరం పొద్దున ఆ చర్చిలో వాగ్దానం కార్డులు తీస్తారు. పళ్ళెంలో బైబిలు వచనాలు రాసిన కార్డులు బోర్లించి, పైన లేసు గుడ్డ కప్పి తెస్తారు. చూడకుండా చెయ్యి పెట్టి ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన మాట అది. లేచి నిలబడి పైకి చదవాలి. కొందరు పడవలో అంటించుకుంటారు, కొందరు సెల్‌ఫోను కవరులో పెట్టుకుంటారు. ఒకసారి తీశాక మార్చుకోకూడదు, తిరిగి పళ్ళెంలో పెట్టకూడదు. ఈ నియమం విషయంలో అందరికన్నా పట్టుదల సంఘపెద్దది.

ఆయన రొయ్యల గుంటల ఆసామి. పొడుగు మనిషి, నవ్వడం దండగ అనుకునే రకం. ఒక కాలు వంకర. అంతకు కొన్నేళ్ళ ముందు గుంట గట్టు మీద జారి కాలు విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకొచ్చాడు. కట్టినవాళ్ళు బాగానే కట్టారు, కదలకుండా పడుకోమన్నారు. ఈయన గారు పడుకుంటే రొయ్యలు ఏమైపోతాయి? కట్టుతోనే గట్ల మీద తిరిగాడు. ఎముక తనకు తోచినట్టు అతుక్కుంది. నెల్లూరులో డాక్టర్లు ఆపరేషను చేసి సరిచేస్తామన్నారు గానీ, ఆ తర్వాత నెలల తరబడి మంచంలో ఉండాలనేసరికి ఆ మాటెత్తితే కోపం. ఒక కుర్రవాడు తనకొచ్చిన వచనం నచ్చక ఇంకొకటి తీసుకుంటానంటే, "ఇదేమన్నా చీరల కొట్టా?" అని అందరి ముందూ కూర్చోబెట్టినది ఈయనే.

వాగ్దానం కార్డులు చాలా చర్చిల్లో అచ్చువేసినవి కొంటారు. అక్కడ సిస్టరమ్మే దళసరి అట్ట కత్తిరించి, తన చేత్తో రాసేది. ఆ డిసెంబరులో ఆమెకు ఒక మంచి ఆలోచన వచ్చింది. కార్డులన్నీ ఒకే కొలతలో, మూలలు గుండ్రంగా రావాలంటే ఏదో ఒకటి పెట్టి గీసుకోవాలి. ఎదురుగా గాజుపలక కింద తలకిందుల మనిషి ఖాళీగా ఉన్నాడు. చేతికి అమరే సైజు. ఆయన్ను తీసి అట్ట మీద పెట్టి, చుట్టూ పెన్సిలు తిప్పి, కత్తిరించుకుంటూ పోయింది. మిగతా కథ మీకు తెలిసిపోయే ఉంటుంది. కార్డులన్నీ రాయడం అయ్యాక కొలతకు పెట్టుకున్నాయన కూడా దొంతరలో కలిసి పళ్ళెంలోకి పోయాడు.

ఆ పొద్దున నేనూ ఉన్నాను. నిజం చెప్పాలంటే కేకు కోసం వెళ్ళాను. ఒక్కొక్కరూ తీస్తున్నారు, చదువుతున్నారు, ఆమెన్ అంటున్నారు. సంఘపెద్ద తీసి, లేచి నిలబడి, కళ్ళజోడు పెట్టుకున్నాడు. కార్డు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. తల పక్కకి వంచాడు.

"వచనం లేదే," అన్నాడు. "బొమ్మ ఉండాది."

పాస్టరుగారు చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు, ఎవరినీ నొప్పించని మనిషి. వెళ్ళి చూశాడు. ఆయన ముఖం వెలిగింది. "పూర్వం ప్రభువు శిష్యుడైన ఒక అపొస్తలుణ్ణి తలకిందులుగా సిలువ వేశారని చెబుతారు కదా అన్నా. తల చుట్టూ మహిమ చూడండి. ఈ ఏడాది మీకు గొప్ప సాక్ష్యం ఉంది." చర్చి అంతా ఆమెన్ అంది. నవ్వడం దండగ అనుకునే మనిషి పెదవి కూడా కాస్త కదిలింది.

నా పక్కన సిస్టరమ్మ లేవబోయింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. గమ్మునుంటే సరిపోయేది. దేవుడే పాస్టరుగారి నోట మంచి దారి చూపించాడు, నోరు మూసుకుని కేకు తిని ఇంటికి పోవచ్చు. ఆమె నా చెయ్యి తీసేసి లేచింది.

"అది అపొస్తలుడు కాదయ్యగారూ. టారో కార్డు. నాదే. కొలత కోసం పెట్టుకున్నా, కలిసిపోయినట్టుండాది."

టారో అంటే ఏమిటో తెలియనివాళ్ళకు తెలిసినవాళ్ళు చెవిలో చెప్పారు. పక్కింటావిడకు ఆలెఫ్ బేత్ గుర్తొచ్చింది కాబోలు, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆరాధన అయ్యాక షామియానా కింద కమిటీ కూర్చుంది. సిస్టరమ్మ ఏదీ దాచలేదు. చదువుకుంటున్నాను, జోస్యం చెప్పను, ఎవరికీ చెప్పలేదు అంది. సంఘపెద్ద చివర్లో మాట్లాడాడు. ఆయన ముఖంలో కోపం కన్నా అవమానం ఎక్కువ కనబడింది నాకు. ఈస్టరు దాకా సిస్టరమ్మ బల్లకు దూరం. గ్లాసులు ఇంకొకరు పోస్తారు. పేక తెచ్చి కాల్చెయ్యాలి.

"నన్ను ఏమన్నా చెయ్యండి," అంది సిస్టరమ్మ. "పేక నాది కాదు. ఈ పాపది. వేరేవాళ్ళ వస్తువు నేనెట్టా కాల్చేది?"

కమిటీ మొత్తం నా వైపు తిరిగింది. నా నోటి నిండా కేకు ఉంది. అన్యమతస్థురాలి ఆస్తి విషయంలో ఏం చేయాలో వాళ్ళకు తోచక ఆ తీర్మానం అంతటితో వదిలేశారు. పాస్టరుగారు సంఘపెద్ద వైపు చెయ్యి చాపి ఆ కార్డు ఇచ్చేస్తే వేరేది తీసుకోవచ్చన్నాడు. పెద్దాయన చొక్కా జేబు మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

"తీసింది తిరిగి పెట్టకూడదు గదా," అని కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వచ్చిన బల్ల ఆదివారం సిస్టరమ్మ నా పక్కనే కూర్చుంది. రసం పోస్తున్న అమ్మాయి కంగారుగా ఒక గ్లాసు పొంగించింది, ఒక గ్లాసు సగమే నింపింది. సిస్టరమ్మ చూపు వాటి మీదే ఉంది. పళ్ళెం మా వరస దాకా వచ్చి, ఆమెను దాటి అవతలికి పోయింది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు చూసుకుంటోంది. శుభ్రంగా కత్తిరించుకుని వచ్చింది. నాకు ఆ చర్చి మీద, ఆ పేక మీద, దాన్ని తెప్పించిన నా మీద ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక ఆమె నోటుబుక్కు తెరవలేదు. చాలా రోజులు తెరవలేదు. వార్డు మూతపడింది.

ఒక మధ్యాహ్నం సంఘపెద్ద వచ్చాడు. సిస్టరమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన జేబులోంచి కార్డు తీసి టేబులు మీద పెట్టాడు.

"ఏడాదంతా దీన్ని జేబులో పెట్టుకుని తిరగాలా సిస్టరమ్మా? ఇదేం చెప్తాదో చెప్పు."

"నేను చెప్పనన్నా. అది చెప్తానేమో అనే గదా నన్ను బల్ల కాడ నుంచి తీసేసినారు."

"జోస్యం అడగలా. బొమ్మ అడిగినా. బొమ్మలో ఏముండాది?"

అలా అడిగితే ఆమె ఆగలేదు. చదువుకునే మనిషిని చదువు గురించి అడిగినట్టే కదా. కళ్ళజోడు పెట్టుకుంది.

"ఒకాయన. ఒక కాలు కట్టి వేలాడదీసినారు. చేసేదానికి పనేమీ లేదు. అయినా మొఖంలో నొప్పి లేదు."

"మరి ఎందుకట్టా వేలాడేది?"

"అది నాకూ తెలీకనే డిశ్చార్జి చెయ్యలా." ఆమె చూపు కార్డు మీద నుంచి ఆయన కాలి మీదికి జారింది. "కట్టు కట్టినోళ్ళు మిమ్మల్ని ఎన్నాళ్ళు పండుకోమన్నారన్నా?"

"మాట మార్చబాక."

"మార్చలా. ఈయన చేస్తుండే పని చూడండి. కదలకుండా ఉండేది. మీ వల్ల కాని పని అదొక్కటే."

గ్లాసు విసిరేస్తాడేమోనని నేను తలుపు దాకా వెనక్కి జరిగాను. ఆయన కార్డు జేబులో పెట్టుకుని, మజ్జిగ ముగించకుండానే పోయాడు. శివరాత్రి వెళ్ళాక నెల్లూరు ఆసుపత్రిలో చేరాడని తెలిసింది. కాలు మళ్ళీ విరిచి సరిచేశారట. ఆయన భార్యకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. సిస్టరమ్మ సంచీ సర్దుకుంది.

"మిమ్మల్ని వెలి వేసిన మనిషికా చాకిరీ?" అన్నాను.

"పేషెంటు గదా పాపా," అంది. ఆమెకు అదే సమాధానం, నాకు అది చాలలేదు.

ఒక ఆదివారం నేను క్యారియరు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. సంఘపెద్ద కాలి చుట్టూ ఇనప చట్రం బిగించి, దిండ్ల మీద పైకెత్తి పెట్టారు. కదలడానికి లేదు. దిండు పక్కన కార్డు ఉంది. నేను నవ్వాపుకోవడానికి క్యారియరు గిన్నెలు విడదీస్తూ కూర్చున్నాను. అంతలో పాస్టరుగారు వచ్చాడు. జబ్బుపడినవాళ్ళకు మంచం దగ్గరికే బల్ల తెస్తారు. చిన్న పెట్టె తెరిచి రొట్టె, రసం సీసా, గ్లాసులు బయటపెట్టాడు. అవి కనబడగానే సిస్టరమ్మ ఫ్లాస్కు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

"సిస్టరమ్మ యాడ?" అన్నాడు పెద్దాయన.

"బయట ఉన్నారన్నా. ఈస్టరు దాకా కదా," అన్నాడు పాస్టరుగారు మొహమాటంగా. "మీరే చెప్పారు."

"చెప్పినాను. అప్పుడు నిలబడి చెప్పినా. ఇప్పుడు పండుకోనుండా. ఈడ నుంచి చూస్తే కప్పు, ఫ్యాను, మీ గడ్డం తప్ప ఏమీ కనబడలా. రోజూ నా కింద గిన్నె తీసేది ఎవరో మాత్రం కనబడతుండాది. పిలవండి ఆమెను."

"కమిటీ ఏమంటుందో..."

"కమిటీ సంగతి నేను లేచినాక చూసుకుంటా. ఆమె పోస్తే తాగుతా. లేదంటే నాకూ ఈస్టరు దాకా వద్దు."

నేను వెళ్ళి పిలిచాను. ఆమె అంతా విన్నది. నేరుగా లోపలికి రాలేదు. వరండా చివర కుళాయి దగ్గర ఆసుపత్రి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. లోపలికొచ్చి సీసా ఎత్తింది. ఏ గ్లాసులోనూ ఒక చుక్క తేడా రానివ్వని మనిషి చేతిలోంచి దుప్పటి మీద ఒక ఎర్రని చుక్క పడింది. పెద్దాయన గ్లాసు అందుకున్నాడు. తను తాగి, "నీకు పోసుకో," అన్నాడు. ఆమె పోసుకుని, తాగి, గ్లాసు చేతిలో పట్టుకునే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాకు ఆ మతంతో సంబంధం లేదు, ఆమెతో ఉంది.

బట్టలు మార్చుకొస్తానని ఆమె కూడా నాతో బయలుదేరింది. తిరుగు బస్సులో గూడూరు దాటాక హఠాత్తుగా అంది, "వెలుగెందుకో తెలిసినట్టుండాది పాపా."

"ఎందుకు?"

"చెప్పకూడదు. ఎవరిది వాళ్ళే రాసుకోవాలని పుస్తకంలో ఉండాది."

ఆ రాత్రే వార్డు తెరుచుకుంది. తలకిందుల మనిషి పేజీలో డిశ్చార్జి గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. పేషెంటు మన దగ్గర లేడు కదా, ఎట్టా రాసేది అంది.

ఆ తర్వాత కొన్నేళ్ళు వార్డు నడిచింది. పోయిన ఏడాది ఒక పొద్దున ఆమె నిద్ర లేవలేదు. వార్డులో ఇంకా కొందరు పేషెంట్లు మిగిలే ఉన్నారు. శవపెట్టెను చర్చిలో బల్ల ముందు పెట్టారు. పమిటకు గడియారం పెట్టింది నేనే, ఆమె వైపు సరిగ్గా ఉండేలా. జనం వరసగా వచ్చి చూసి పోతున్నారు. పెద్దాయన తిన్నగా నడిచి వచ్చాడు. చేతిలో కర్ర ఉంది గానీ దాని అవసరం ఏమీ లేదు. పెట్టె పక్కన నిలబడి జేబులోంచి కార్డు తీశాడు. అంచులు నలిగి మెత్తబడ్డాయి, టీ మచ్చ అలాగే ఉంది. వాగ్దానం ఏడాదికే అయినా, అన్నేళ్ళు దాన్ని మోశాడన్నమాట. వంగి ఆమె చేతుల మధ్య పెట్టబోయాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి కార్డు వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను చూస్తున్నానని అప్పుడు గమనించాడు.

"ఇచ్చేద్దామనే తెచ్చినా పాపా," అన్నాడు. "తీసింది తిరిగి పెట్టకూడదు గదా."